గేటు ముందు కారు పెట్టి పోయేవాళ్లతో ఎలా? విజయనగరం నుంచి ఒక రిటైర్డ్ ట్రాఫిక్ ఏఎస్ఐ సమాధానం

మీ ప్రశ్న చదివాను బాబూ. ఎదురిల్లు అద్దెకు తీసుకుని ఎవరో రక్తపరీక్షల ల్యాబ్ పెట్టారు, తెల్లారకముందు నుంచే వాళ్ల దగ్గరికొచ్చే కార్లన్నీ మీ గేటు ముందే ఆగుతున్నాయి, నాన్నగారిని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లాలి, అడిగితే ‘అయిదు నిమిషాలే కదా’ అంటున్నారు, ల్యాబ్ వాళ్లు ‘రోడ్డు మీద పెట్టుకుంటే మేమేం చేస్తాం’ అంటున్నారు, ఇంక టైర్లలో గాలి తీసేయాలనిపిస్తోంది. అదీ మీ బాధ. నేను విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ ట్రాఫిక్ డ్యూటీ చేసి ఏఎస్ఐగా రిటైరయ్యాను. ఇలాంటి గొడవలు ఎలా మొదలై ఎక్కడికి పోతాయో బాగా చూశాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు గాలి సంగతి. తియ్యకండి. మర్యాద కోసం చెప్పడం లేదు, లెక్క చూసి చెప్తున్నా. గాలి తీసిన కారు ఎక్కడికీ కదలదు, పది నిమిషాల్లో పోవాల్సింది మెకానిక్ వచ్చేదాకా మీ గేటు ముందే ఉంటుంది. పైగా ఎదుటివాడి సొమ్ముకి కావాలని నష్టం చేస్తే భారతీయ న్యాయ సంహిత 324 సెక్షన్ ఉంది, ల్యాబ్ గుమ్మానికి సీసీ కెమెరా ఎలాగూ ఉంటుంది, అప్పటిదాకా తప్పు ఆ డ్రైవరుది అయితే ఆ నిమిషం నుంచి స్టేషన్లో మాట్లాడేదంతా మీ గురించే అవుతుంది. గీతలు గీయడం, అద్దం మీద గట్టి గమ్ముతో కాగితం అంటించడం, వైపర్లు విరగ్గొట్టడం కూడా ఇదే దారి. మీ కారు తెచ్చి వాళ్ల కారుకి అడ్డం పెట్టి ‘ఇప్పుడు తెలుస్తుంది’ అనుకోవడం ఇంకా చెడ్డది. మనిషిని పోనీకుండా అడ్డగించారని 126 సెక్షన్ కింద మీ మీదే కాగితం పెడతారు. ఇలా ఇద్దరి మీదా కేసులయ్యి చివరికి రాజీకి వచ్చిన వీధి తగాదాలు చాలా ఉన్నాయి, ఆ రాజీల్లో పార్కింగ్ గురించి ఒక్క ముక్క ఉండదు.

రెండో సంగతి, ఇది కొంచెం కష్టంగా అనిపించొచ్చు. మీ ఇంటి ముందున్న రోడ్డు మీది కాదు. గేటు ఎంత వెడల్పుందో అంతమేరకు లోపలికీ బయటికీ వచ్చిపోయే హక్కు మీది. ప్రహరీ గోడ పొడుగునా ఉన్న మిగతా జాగాలో ఎవరైనా బండి పెట్టుకుంటే, అక్కడ నో పార్కింగ్ లేకపోతే, మీరు అనడానికి ఏమీ లేదు. చాలామంది ఇక్కడే తేడా చేస్తారు. గోడ పక్కన పెట్టిన కారు కోసం ఫోన్ చేసి పోలీసుని పిలిపిస్తారు, ఆయన వచ్చి చూసి వెళ్లిపోతాడు, తర్వాత నిజంగా గేటుకే అడ్డం పెట్టిన రోజున ఫోన్ చేస్తే ‘ఆ ఇల్లేనా’ అంటారు.

అలాగే ఫిర్యాదు ఇచ్చే ముందు మీ వైపు ఒకసారి చూసుకోండి. కాలువ మీద వేసుకున్న ర్యాంపు రోడ్డులోకి ఎంత వచ్చింది? మన దగ్గర సగం ఇళ్లకి ర్యాంపు తారు మీదకి రెండడుగులు పొడుచుకునే ఉంటుంది. గేటు పక్కన రోడ్డు మీద రాళ్లు, పాత టైర్లు, సిమెంటు దిమ్మలు, ఇనప కడ్డీలు పాతారా? అవి మీరు రోడ్డుకి చేసిన అడ్డం, 285 సెక్షన్ కింద అయిదు వేల దాకా జరిమానా పడేది వాటికి కూడా. రాత్రి ఆ దిమ్మకి బైకువాడు గుద్దుకుంటే ఇంక చెప్పక్కర్లేదు. మీ రెండో బండి రోజూ వీధిలోనే ఉంటుందా? వచ్చిన కానిస్టేబులు మొదట చూసేది ఇవే, ఎదుటివాళ్లు మొదట చూపించేదీ ఇవే. ముందు ఇవి సరిచేసుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రోజూ మీ గేటు ముందు పెట్టేది ఒకే మనిషా? కాదు. సోమవారం బొబ్బిలి నుంచి వచ్చినాయన, మంగళవారం గజపతినగరం కారు, బుధవారం రాయగడ నుంచి వచ్చిన ఒడిశా బండి. ఒక్కొక్కడితో ఒక్కొక్కసారి పోట్లాడి గెలిచినా రేపు వచ్చేవాడికి ఆ సంగతి తెలియదు. కాబట్టి మీరు పట్టుకోవాల్సింది బళ్లను కాదు, బళ్లు వస్తున్న చోటుని. అంటే ల్యాబ్‌ని. ఇది నేను చలాన్లు రాసిన చేత్తోనే చెప్తున్నా.

చలానా గురించి కూడా తెలుసుకోండి, ఎందుకంటే అందరూ దాని మీదే ఆశ పెట్టుకుంటారు. మోటారు వాహనాల చట్టం, 1988లో 122 సెక్షన్ ఇతరులకు అడ్డంగా, ఇబ్బందిగా బండి వదిలేయొద్దంటుంది. ఇంటి ప్రవేశానికి అడ్డం పెట్టకూడదన్న మాట 1989 నాటి రోడ్డు నియమాల్లోనే రాసి ఉంది, వాటి స్థానంలో 2017లో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి. జరిమానా 177 సెక్షన్ కింద అయితే కేంద్ర చట్టంలో మొదటిసారికి 500, మళ్లీ చేస్తే 1500 దాకా, ఇక్కడ అక్కడికక్కడ వసూలు చేసే రేటు మాత్రం రాష్ట్రం జీవో ప్రకారం ఉంటుంది. 127 సెక్షన్ కింద నిషేధం ఉన్న చోట పెట్టిన బండినీ, పది గంటలకి మించి ఎవరూ లేకుండా వదిలేసిన బండినీ తీయించడానికి, చక్రానికి తాళం వేయించడానికి యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి అధికారం ఉంది, తీయించిన ఖర్చు బండి యజమానే కట్టాలి. ట్రాఫిక్‌కి ప్రమాదంగా ఉన్న బండి అయితే పది గంటలు ఆగనక్కర్లేదు. కాగితం మీద ఇదంతా బాగానే ఉంది. కానీ మన ఊళ్లో టోయింగ్ బండి మెయిన్ రోడ్ల మీద తిరుగుతుంది, కొత్తపేట లోపలి సందులోకి అది తిరిగి వచ్చేలోపు ఆ కారాయన రిపోర్టు తీసుకుని ఇంటికి పోతాడు. చలానా వాడి ఫోనుకి వస్తుంది, మీ నాన్నగారికి ఆలస్యం ఆలస్యమే.

అందుకని ఆ పూట ఏం చేయాలో వేరు, మొత్తం మీద ఏం చేయాలో వేరు.

ఆ పూట సంగతి. బయల్దేరాల్సిన టైముకి అరగంట ముందే ఎవరో ఒకరు గేటు తీసి నిలబడండి, అసలు మందు అదే. బండి పెట్టేశాక తీయమనడం కన్నా పెట్టబోతుంటే చెయ్యి ఊపడం వంద రెట్లు తేలిక. అప్పటికే పెట్టేసి ఉంటే ల్యాబ్ లోపలికి వెళ్లి నంబరు, రంగు, కంపెనీ గట్టిగా చెప్పండి, ‘ఏపీ 39, చివర ఫలానా, తెల్ల స్విఫ్ట్ ఎవరిదండీ, పేషెంటుని తీసుకెళ్లాలి’ అని. ‘ఎవడ్రా గేటు ముందు పెట్టింది’ అని అరిస్తే ఒక్కడూ లేవడు, నేను కాదంటే నేను కాదని ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. పేషెంట్ అన్న మాట ల్యాబ్‌లో కూర్చున్నవాళ్లకి బాగా అర్థమవుతుంది, వాళ్లూ ఏదో జబ్బుతో వచ్చినవాళ్లే కదా.

లేవకపోతే గేటూ, కారూ, నంబరు ప్లేటూ ఒకే ఫొటోలో పడేలా తీయండి. ఉత్త నంబరు ప్లేటు ఫొటో దేనికీ పనికిరాదు. తర్వాత 112కి ఫోన్ చేయండి. ఎలా చెప్తారన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. ‘మా వీధిలో రోజూ ఇదే గోలండీ’ అని మొదలుపెట్టకండి, రోజూ ఉండేది రేపు కూడా ఉంటుంది కదా అనుకుంటారు. ‘డయాలసిస్ పేషెంటుని ఇంట్లోంచి బయటికి తీసుకురాలేకపోతున్నాం, గేటుకి అడ్డంగా ఈ నంబరు కారుంది, డ్రైవరు లేడు, ఫలానా వీధి, ఫలానా గుర్తు’ అని నాలుగు ముక్కల్లో చెప్పండి. పోలీసు దగ్గర ఆ నంబరుతో యజమాని వివరాలు చూసే వీలుంటుంది, ఆయన ఫోన్ చేస్తే చాలాసార్లు మనిషి పరుగెత్తుకొస్తాడు. మీరు సొంతంగా వెతికితే దొరకదు, పరివాహన్ యాప్‌లో పేరులో అక్షరాలు సగం చుక్కలే కనిపిస్తాయి, ఫోన్ నంబరు అసలు ఉండదు. ఇదివరకైతే ఏపీ 35 అంటే మన జిల్లా, 30 అంటే శ్రీకాకుళం, 31 అంటే విశాఖ అని ప్లేటు చూసి ఊరు చెప్పేవాళ్లం. 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 చేశాక ఆ ఆధారం కూడా పోయింది.

నాన్నగారికి ఆయాసం, ఛాతీ నొప్పి లాంటిదేమైనా ఉంటే మాత్రం ఈ ఫొటోలూ ఫోన్లూ పక్కన పెట్టి 108కి చేయండి, లేదా కుర్చీలో కూర్చోబెట్టి వీధి చివరిదాకా తెచ్చి ఆటో ఎక్కించండి. గొడవ తర్వాతైనా పెట్టుకోవచ్చు.

ఇంక ల్యాబ్‌తో మాట్లాడటం. రిసెప్షన్లో ఉన్న అమ్మాయితో పోట్లాడి లాభం లేదు, ఆ అమ్మాయి చేతిలో నిజంగానే ఏమీ లేదు. ఓనర్ గానీ మేనేజర్ గానీ ఎప్పుడుంటారో కనుక్కుని మధ్యాహ్నం రద్దీ లేనప్పుడు వెళ్లండి, ఒక్కరే కాకుండా పక్కింటి పెద్దాయన్ని కూడా వెంటబెట్టుకుని. వెళ్లి ‘మీ పేషెంట్లని కంట్రోల్ చేయండి’ అంటే ఆయన తల ఊపి పంపించేస్తాడు. పని చెప్పాలి, అదీ చేయగలిగేది. ఒక విషయం గమనించారా, ‘అయిదు నిమిషాలు’ అన్నవాడు రెండు గంటలు ఎందుకు ఉంటున్నాడు? షుగర్ పరీక్ష. పరగడుపున ఒక రక్తం ఇచ్చి, పోయి టిఫిన్ చేసి, మళ్లీ రెండు గంటలకి ఇంకోటి ఇవ్వాలి. అంతదాకా కారు అక్కడే ఉంటుంది, మనిషి మాత్రం ఏ హోటల్లోనో ఉంటాడు. మీరు లోపలికెళ్లి పిలిచినా ఎవరూ పలకకపోవడానికి కారణం కూడా అదే. కాబట్టి రెండోసారి రక్తం ఇవ్వాల్సినవాళ్లకి మొదటి శాంపిల్ తీసేటప్పుడే ‘బండి ఎక్కడ పెట్టారు’ అని అడగమనండి, రిజిస్ట్రేషన్‌లో ఫోన్ నంబరు ఎలాగూ రాసుకుంటారు, దాని పక్కనే బండి నంబరు కూడా రాసుకోమనండి. ఈ ఒక్క అలవాటు చేయిస్తే మీ సమస్య సగానికి పైగా తీరుతుంది, ఎందుకంటే ఎవరి బండి అన్నది అర నిమిషంలో తేలిపోతుంది. పొద్దున్న రద్దీ ఉన్న రెండు మూడు గంటలు అటెండర్‌ని బయట నిలబెట్టి, మీ గేటు ముందు రెండు కోన్లు పెట్టి, మీరు బయటికి రావాలంటే అతనే తీసేలా మాట్లాడుకోండి. మీ డయాలసిస్ రోజులూ టైమూ కాగితం మీద రాసి ఇవ్వండి. రోగుల మీద బతికే వ్యాపారం వాళ్లది, ఎదురింటి రోగి ఆగిపోతున్నాడన్న మాట ఊళ్లో తిరగడం వాళ్లకీ ఇష్టం ఉండదు, దాన్ని బెదిరింపులా కాకుండా మామూలుగానే తెలియజేయండి.

రెండు వారాలు చూడండి. మార్పు లేకపోతే అప్పుడు కాగితం. మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ సెక్రటరీ అని ఒకరుంటారు. ఆయనకి అర్జీ ఇవ్వండి. పార్కింగ్ గురించి కాదు, ఉండటానికి ప్లాను తీసుకున్న ఇంట్లో వ్యాపారం నడుస్తోందా, దానికి అనుమతీ ట్రేడ్ లైసెన్సూ ఉన్నాయా, వచ్చే బళ్లకి స్థలం ఎక్కడ చూపించారు అని. ఇలా అడిగితే సమాధానం చెప్పాల్సిన బాధ్యత కారు డ్రైవరు మీద నుంచి బిల్డింగు మీదకి వెళ్తుంది. డ్రైవర్లు రోజూ మారతారు, బిల్డింగు అక్కడే ఉంటుంది. అయితే ఒక్కమాట, మీ ఇంటి ముందు గది కూడా ఏ జిరాక్సు షాపుకో అద్దెకిచ్చి ఉంటే ఈ దారి పట్టే ముందు ఆలోచించుకోండి. అదే సచివాలయంలో మహిళా పోలీసు ఉంటారు, వీధి సమస్యలు స్టేషన్‌కి చేరవేయడం వాళ్ల పనిలో భాగమే, ఆ అమ్మాయికి ఒకసారి స్పాట్ చూపించండి.

అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్లో పీజీఆర్ఎస్ ఉంది, అంటే ప్రజల అర్జీలు తీసుకునే కార్యక్రమం, ఇదివరకు స్పందన అనేవాళ్లం. అంతకన్నా పైకి పోవాలంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 152 సెక్షన్ కింద దారికి అడ్డం తీయించమని ఆర్డీవోకి పెట్టుకోవచ్చు, పాత సీఆర్పీసీలో 133 అనేవాళ్లు దాన్నే. నెమ్మదిగా నడిచే వ్యవహారం, కానీ ఎప్పుడో వచ్చే ఆర్డరు కంటే మొదట వెళ్లే నోటీసే చాలాసార్లు పని చేస్తుంది. దీని దాకా పోవాల్సి వస్తుందని నేననుకోను.

బోర్డు గురించి అడిగారు. ‘నో పార్కింగ్’ అని రాస్తే ఎవడూ చదవడు, ఊరంతా అవే, ఎప్పుడూ తెరవని షట్టర్లకి కూడా అవే. కారణం రాయండి: ‘డయాలసిస్ పేషెంట్ ఉన్న ఇల్లు. ఏ టైములో అయినా కారు బయటికి రావాలి.’ పక్కన ఫోన్ నంబరు పెట్టొచ్చు, కానీ ఆడవాళ్ల నంబరు వద్దు. ర్యాంపు అంచుకి పసుపు నలుపు పట్టీలు వేయించి రేడియం అంటించండి, పొద్దున్న చీకట్లో వచ్చేవాళ్లకి అది కనిపిస్తుంది. గేటుకి రేకు కొట్టించి ఉంటే లోపల కారుందో లేదో బయటివాడికి తెలియదు, ఎప్పుడూ తెరవని గేటే అనుకుని పెట్టేస్తాడు. పై సగం గ్రిల్ చేయించి కారు ముఖం వీధికి కనపడేలా పెట్టండి, తేడా మీకే తెలుస్తుంది. మా వీధిలో ఒకావిడ గేటు బయటిదాకా పెద్ద ముగ్గు వేసేది బండ్లు పెట్టకుండా, బైకులవాళ్లు కాస్త మొహమాటపడేవాళ్లు, కార్లవాళ్లు దాని మీదే తొక్కించేవాళ్లు.

పైడితల్లి అమ్మవారి జాతర, అదే సిరిమాను రోజుల్లో మాత్రం ఈ నియమాలేవీ పనిచేయవు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, ముందు రోజు తొలేళ్లు. ఆ రెండు రోజులూ మూడు లాంతర్ల నుంచి కోట చుట్టుపక్కల సందులన్నీ జనమే, ట్రాఫిక్ మళ్లిస్తారు, మీ గేటు ముందు కారు ఉన్నా లేకపోయినా మీరు బయటికి రాలేరు. పల్లెల నుంచి అమ్మవారిని చూడ్డానికి వచ్చినవాళ్లతో ఆ రోజు గొడవ పెట్టుకోకండి. మీ నాన్నగారికి మంగళ, గురు, శనివారాల షెడ్యూల్ అయితే సరిగ్గా సిరిమాను మీదే పడుతుంది. డయాలసిస్ సెంటర్‌తో వారం ముందే మాట్లాడి ఇంకో రోజుకి మార్చగలరేమో అడగండి, లేదంటే ముందు రాత్రే కారు రింగ్ రోడ్డు వైపు తెలిసినవాళ్ల ఇంట్లో పెట్టి, పొద్దున్నే బయల్దేరిపోండి. శ్రీకాకుళం వాళ్లెవరైనా చదువుతుంటే అరసవల్లి రోడ్డులో రథసప్తమికి మీకూ ఇదే మాట.

కింద కామెంట్లో ఒకాయన మా పక్కింటివాళ్లే, అదీ బంధువులే పెడుతున్నారు అన్నారు. దానికి పోలీసూ వద్దు, అర్జీ వద్దు. మీ ఇద్దరికీ చనువున్న పెద్దమనిషి చేత ఒకసారి చెప్పించండి, కారు లేనప్పుడు చెప్పించండి, కారు ముందు నిలబడి చెప్తే అది మాటగా ఉండదు. చెప్పాక కూడా కావాలనే పెడితే దాన్ని 126 కింద అడ్డగించడంగా చూపించడం తేలిక, ఎందుకంటే తెలియక పెట్టాడన్న సాకు పోయింది. అయినా బంధువుల మీద ఆ కాగితం పెట్టే ముందు ఇంట్లో ఆడవాళ్లని అడగండి.

చివరిగా అర్జీ ఎలా రాయాలో. పేజీన్నర కథ రాయకండి, ఎవరూ చదవరు. ‘అయ్యా, మా వీధిలో ఫలానా నంబరు ఇంట్లో ల్యాబ్ నడుస్తున్నది. పార్కింగ్ స్థలం లేనందున ఉదయం ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు మా గేటుకు అడ్డంగా వాహనాలు నిలుపుతున్నారు. ఇంట్లో డయాలసిస్ రోగి ఉన్నారు. ఫొటోలు, తేదీలు జతచేశాము. యాజమాన్యం చేత పార్కింగ్ ఏర్పాటు చేయించి, గేటు ముందు పసుపు గీతలు వేయించగలరు.’ అంతే. కింద మీతో పాటు ఆ వరసలో ఇబ్బంది పడుతున్న నాలుగైదు ఇళ్లవాళ్ల సంతకాలు పెట్టించండి, ఒక ఇంటి అర్జీ పక్కింటి తగాదాలా కనిపిస్తుంది, అయిదు ఇళ్లు సంతకం పెడితే వీధి సమస్య అవుతుంది. డయాలసిస్ కార్డు జిరాక్సూ, తేదీలు పడిన ఫొటోల ప్రింట్లూ రెండు సెట్లు పట్టుకెళ్లండి. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద స్టాంపూ తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. పీజీఆర్ఎస్‌లో ఇస్తే రిజిస్ట్రేషన్ నంబరుతో రశీదు ఇస్తారు, అది పారేయకండి, 1100కి ఫోన్ చేసి అర్జీ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవడానికి ఆ నంబరే అడుగుతారు.